మేజర్ లీగ్‌కు ముందు మజిలీ

టెక్సస్‌లోని ఫ్రిస్కో తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన పట్టణం. అక్కడి బేస్‌బాల్ మైదానం యువ ఆటగాళ్ల భవితవ్యాన్ని తేల్చే పరీక్షాకేంద్రం. ఆంధ్రప్రదేశ్ మూలాలున్న కుమార్ రాకర్ కూడా ఆ పరీక్ష రాసినవాడే

బేస్‌బాల్ మ్యాచ్‌కు వెళుతూ ఈత దుస్తులు వెంట తీసుకెళ్లే ప్రేక్షకులు అరుదు. ఫ్రిస్కోలో మాత్రం అది మామూలే. అక్కడి రైడర్స్ ఫీల్డ్‌లో కుడివైపు కంచె వెనక ఓ కాలువ ఉంది. మెల్లగా కదిలే నీళ్లలో రబ్బరు ట్యూబుల మీద తేలుతూ ఆట చూడొచ్చు. 2016లో దీన్ని ఏర్పాటు చేశారు. జులై, ఆగస్టు నెలల్లో పొద్దుగుంకినా వేడి తగ్గని ప్రాంతం కాబట్టి ఈ ఆలోచనకు ఆదరణ దక్కడంలో ఆశ్చర్యం లేదు.

2003లో ప్రారంభమైన ఈ మైదానం మామూలు స్టేడియంలా చుట్టూ గోడ కట్టినట్లు ఉండదు. విడివిడి మండపాలు, వాటిని కలిపే వంతెనలు, మధ్యలో చెట్లు. పదివేల మందికి పైగా కూర్చునే వీలుంది. పిల్లలకు ఐస్‌క్రీం, పెద్దలకు బీరు, కొన్ని రాత్రుల్లో ఆట ముగిశాక బాణసంచా. ఊరివాళ్లకు ఇదో సాయంకాలం కాలక్షేపం. మైదానంలో ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. జట్టు జాబితాలోని 28 మంది యువకులకు ప్రతి రాత్రీ పరీక్షే. ఎవరు పైకి వెళతారో, ఎవరు ఇంటిదారి పడతారో తేలేది చాలావరకు ఇక్కడే.

రైలు ఆగిన చోటు

మజిలీగా ఉండడం ఫ్రిస్కోకు కొత్త కాదు. అసలు ఆ ఊరు పుట్టిందే అలా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టేందుకు రైల్వే కంపెనీ ఎంచుకున్న చోటది. సెయింట్ లూయిస్ - శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేని జనం ముద్దుగా ఫ్రిస్కో అని పిలిచేవారు. అదే ఊరికీ పేరైంది. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోని చిన్న ఊరిగానే ఉండిపోయింది. 1990లో ఇక్కడి జనాభా దాదాపు 6,000. 2000 నాటికి 33,714 అయింది. 2020 జనగణనలో 2 లక్షలు దాటింది. ముప్ఫై ఏళ్లలో ముప్ఫై రెట్లకు పైగా పెరుగుదల.

డల్లాస్ నుంచి ఉత్తరంగా సాగిన రహదారులు, పక్కనే ప్లేనోలో వెలసిన పెద్ద కంపెనీల కార్యాలయాలు, మంచి పేరున్న ప్రభుత్వ పాఠశాలలు ఈ మార్పుకు కారణాలు. వాటి వెంటే భారతీయులూ వచ్చారు. 2020 లెక్కల ప్రకారం పట్టణ జనాభాలో నాలుగో వంతుకు పైగా ఆసియా మూలాలున్నవారు. అందులో తెలుగువారి ఉనికి వీధుల్లోనే కనిపిస్తుంది. కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో శనివారం రద్దీ, దుకాణాల్లో గోంగూర కట్టలు, ఆవకాయ సీసాలు, బిర్యానీ హోటళ్ల బోర్డులు చూస్తే హైదరాబాద్ శివార్లలోని ఏదో కాలనీ గుర్తుకు రాక మానదు.

ఆటల విషయంలోనూ ఫ్రిస్కో తక్కువ తినలేదు. డల్లాస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం 2016లో ఇక్కడికి మారింది. ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా కూడా 2022లో ఇక్కడికే వచ్చింది. సాకర్‌కు వేరే స్టేడియం ఉంది. కానీ కళ్లముందే ఎదిగి వెళ్లిపోయేవాళ్ల ఆటను చూడాలంటే మాత్రం బేస్‌బాల్ మైదానానికే వెళ్లాలి. అక్కడి జట్టు పేరు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్. యజమానులు వేరైనా ఆటగాళ్లను ఇచ్చేదీ, జీతాలు చెల్లించేదీ, ఎప్పుడు ఎవరిని కదపాలో నిర్ణయించేదీ 60 కి.మీ. పైచిలుకు దూరంలో ఆర్లింగ్టన్‌లో ఉన్న టెక్సస్ రేంజర్స్ జట్టు.

నిచ్చెనలో కీలక మెట్టు

క్రికెట్‌లో 18 ఏళ్ల కుర్రాడు రంజీ నుంచి నేరుగా జాతీయ జట్టులోకి దూకొచ్చు. బేస్‌బాల్‌లో అలాంటి అవకాశం దాదాపు లేదు. అమెరికాలోని 30 మేజర్ లీగ్ జట్లు ఒక్కొక్కదానికీ కింద అంచెలంచెలుగా మైనర్ లీగ్ జట్లుంటాయి. అట్టడుగున శిక్షణ శిబిరాల్లోనే ఆడే కాంప్లెక్స్ లీగ్, ఆపైన సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, చివరిగా ట్రిపుల్-ఎ. ఎంత ఘనంగా ఎంపికైన ఆటగాడైనా ఈ మెట్లెక్కాల్సిందే.

ఫ్రిస్కోది డబుల్-ఎ మెట్టు. అన్నిటికంటే కఠినమైన వడపోత ఇక్కడేనన్నది బేస్‌బాల్ పండితుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. కింది స్థాయిలో వేగం ఒక్కటే ఉన్న పిచర్ కూడా నెట్టుకురాగలడు. డబుల్-ఎ బ్యాటర్లు మంచి బంతిని ఆడి, చెడ్డ బంతిని వదిలేయడం నేర్చినవాళ్లు. ఆశ పెట్టినా కదలరు. పిచర్ దగ్గర రెండో అస్త్రం, మూడో అస్త్రం ఉన్నాయా లేవా అన్నది ఇక్కడ బయటపడుతుంది. ట్రిపుల్-ఎలో అనుభవజ్ఞులు, గాయాల నుంచి కోలుకునేవారు ఎక్కువ. అసలు సిసలు యువకులు ఎదురయ్యేది డబుల్-ఎలోనే.

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 138 మ్యాచ్‌లు. మంగళవారం నుంచి ఆదివారం వరకు ఒకే ప్రత్యర్థితో ఆరు ఆటలు. సోమవారం సెలవు. ఆ సెలవు సగం బస్సులోనే గడిచిపోతుంది. టెక్సస్ లీగ్‌లోని అమరిల్లో 500 కి.మీ.కు పైగా దూరం, సముద్రతీరంలోని కార్పస్ క్రిస్టీ ఇంకా ఎక్కువ. జీతం సంగతి మరీ విచిత్రం. మైనర్ లీగ్ ఆటగాళ్లు 2022లో సంఘంగా ఏర్పడ్డారు. మరుసటి ఏడాది కుదిరిన తొలి ఒప్పందం ప్రకారం డబుల్-ఎ ఆటగాడి కనీస వార్షిక వేతనం 30,250 డాలర్లు, అంటే సుమారు రూ.25 లక్షలు. అంతకుముందు ఇందులో సగం కూడా వచ్చేది కాదు. అదే ఏడాది మేజర్ లీగ్‌లో కనీస వేతనం 7,20,000 డాలర్లు, అంటే దాదాపు రూ.6 కోట్లు. మధ్యలో ఉన్నది గంట కారు ప్రయాణమే. తేడా 24 రెట్లు.

ఫ్రిస్కో మైదానానికి కూతవేటు దూరంలో ఉండే తెలుగు ఇంజనీర్‌కు ఈ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. వీసా మీద ఉద్యోగం, గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి నిరీక్షణ, ఒక్క కాగితంతో తారుమారయ్యే జీవితం అతనికి తెలియనివి కావు. కాకపోతే ఆటగాడికి నిరీక్షించే వ్యవధి కూడా ఉండదు. ముప్ఫై ఏళ్లు దగ్గరపడితే తలుపు మూసుకుపోయినట్లే.

చేయి మీద పందెం

2024 వేసవిలో ఈ మైదానంలో బంతి విసిరిన పిచర్లలో కుమార్ రాకర్ ఒకడు. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు, దానికి తగ్గ బరువు. తండ్రి ట్రేసీ రాకర్ కళాశాల ఫుట్‌బాల్ చరిత్రలో గొప్ప డిఫెన్స్ ఆటగాళ్లలో ఒకడు, తర్వాత కోచ్. తల్లి భారత సంతతి అమెరికన్. ఆమె తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డవారు. కుమార్ అన్న పేరు అమ్మమ్మ తాతయ్యల గడ్డ నుంచి వచ్చిందే. అతను మాత్రం 1999 నవంబర్‌లో అలబామాలో పుట్టి, జార్జియాలో పెరిగిన అచ్చమైన దక్షిణాది అమెరికన్ కుర్రాడు.

అతని పేరు దేశమంతటా మారుమోగిన రోజు 2019 జూన్ 8. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో అప్పటికి మొదటి ఏడాది విద్యార్థి. ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లో డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. విసిరిన బంతులు 131. ఆ నెలాఖరున వాండర్‌బిల్ట్ జాతీయ చాంపియన్ అయింది, ఉత్తమ ఆటగాడి పురస్కారం 19 ఏళ్ల కుమార్‌కు దక్కింది. ఇక డ్రాఫ్ట్‌లో అతనికి తిరుగుండదని అంతా తీర్మానించేశారు.

డ్రాఫ్ట్ అంటే యువ ఆటగాళ్లను జట్లు వరుసక్రమంలో ఎంచుకునే వార్షిక తంతు. 2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో స్థానంలో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరినట్లే వార్తలొచ్చాయి. కానీ వైద్య పరీక్షల నివేదిక చూశాక మెట్స్ వెనకడుగు వేసింది. గడువు ముగిసినా సంతకం జరగలేదు. ఆరోగ్యంగానే ఉన్నానని ఆటగాడు, నమ్మకం లేదని జట్టు. నిబంధన ప్రకారం జట్టుకు పరిహారంగా మరుసటి ఏడాది 11వ ఎంపిక దక్కింది. ఆటగాడికి దక్కింది ఏమీ లేదు, ఒక అనుమానం తప్ప. 21 ఏళ్ల వయసులో అతని కుడి చేయి మీద బహిరంగంగా ప్రశ్నార్థకం పడింది.

బేస్‌బాల్‌లో పిచర్ చేయి ఎందుకంత విలువైనదో, ఎందుకంత పెళుసైనదో చెప్పుకోవాలి. పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. క్రికెట్ పిచ్ కంటే ఐదున్నర అడుగులు తక్కువ. పరుగెత్తుకొచ్చి వేసే వీలుండదు, నిలుచున్న చోటు నుంచే గంటకు 150 కి.మీ. పైచిలుకు వేగంతో విసరాలి. మోచేతిని వంచి విసిరే ఆ ఊపునకు లోపలి స్నాయువు మీద పడే ఒత్తిడి అంతా ఇంతా కాదు. అది తెగితే శరీరంలో మరోచోటి నుంచి తీసిన స్నాయువును అమర్చాలి. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి ఈ శస్త్రచికిత్స చేశారు. అప్పటి నుంచి ఆ చికిత్సకు ఆటగాడి పేరే స్థిరపడింది. అంతకుముందైతే ఆ గాయంతో ఆట ముగిసినట్లే. ఇప్పుడు ఏడాది, ఏడాదిన్నరలో తిరిగి రావచ్చు. అయితే వచ్చిన ప్రతివారూ పాత వేగంతో వస్తారన్న హామీ లేదు.

చుట్టు తిరిగిన దారి

మెట్స్ వద్దన్నాక 2021 సెప్టెంబర్‌లో కుమార్ భుజానికి చిన్న శస్త్రచికిత్స జరిగింది. తిరిగి విశ్వవిద్యాలయానికి వెళ్లలేదు. 2022 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో తేలాడు. అక్కడి ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేని స్వతంత్ర లీగ్ జట్టు. ఎవరూ తీసుకోనివాళ్లు, మరో అవకాశం కోసం చూసేవాళ్లు ఆడే చోటు. ఐదు మ్యాచ్‌ల్లో 20 ఇన్నింగ్స్ వేసి 32 మందిని స్ట్రైకౌట్ చేశాడు. చేయి బాగానే ఉందని చూపించుకోవడానికి అదే అతను ఎంచుకున్న వైద్య నివేదిక.

ఆ జులైలో జరిగిన డ్రాఫ్ట్‌లో టెక్సస్ రేంజర్స్ మూడో ఎంపికగానే అతని పేరు ప్రకటించడంతో చాలామంది నివ్వెరపోయారు. బోనస్ 52 లక్షల డాలర్లు. మెట్స్‌తో అనుకున్నదానికంటే తక్కువే అయినా స్థానం మాత్రం ఏడు మెట్లు పైన. 2023లో నార్త్ కరోలినాలోని హికరీలో హై-ఎ స్థాయిలో ఆట మొదలైంది. ఆరు మ్యాచ్‌లాడాక మోచేతి స్నాయువు తెగింది. మే నెలలో టామీ జాన్ శస్త్రచికిత్స. అనుమానించినవారి మాటే నిజమైందా అన్న చర్చ మళ్లీ మొదలైంది. ఆ ఏడాది నవంబర్‌లో రేంజర్స్ తన చరిత్రలో తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచే సమయానికి కుమార్ ఇంకా చేయి కదిలించే వ్యాయామాల్లోనే ఉన్నాడు.

ఆ విజయంలో ఫ్రిస్కోకూ వాటా ఉంది. ఇవాన్ కార్టర్ 2023 సీజన్‌లో అధిక భాగం ఫ్రిస్కోలోనే ఆడాడు. ట్రిపుల్-ఎలో ఎనిమిది మ్యాచ్‌లాడి, సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, 21 ఏళ్లకే వరల్డ్ సిరీస్ విజేత అయ్యాడు. వేసవిలో కాలువలో తేలుతూ అతని ఆట చూసినవారు శరత్కాలంలో టీవీలో అతన్నే చూశారు. ఫ్రిస్కో ప్రేక్షకుడికి దక్కే ఆనందం ఇలాంటిదే. ఇష్టపడ్డ ఆటగాడు జట్టు వదిలిపోవాలని కోరుకోవడం ఇక్కడి అభిమానుల ప్రత్యేకత.

2024 జులైలో కుమార్ తిరిగి బంతి పట్టాడు. మొదట కాంప్లెక్స్ లీగ్, తర్వాత కొన్ని వారాలు ఫ్రిస్కో, ఆపైన ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్‌లో ట్రిపుల్-ఎ. ఈ మూడు చోట్లా కలిపి 37 ఇన్నింగ్స్ కూడా వేయలేదు. స్ట్రైకౌట్లు మాత్రం 55. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు రెండు లోపే. అతని ప్రధానాస్త్రం స్లైడర్. నేరుగా వస్తున్నట్లే కనిపించి, చివరి క్షణంలో పక్కకు తిరిగి కిందికి జారే బంతి. డబుల్-ఎ బ్యాటర్లకు అది అంతు చిక్కలేదు. సెప్టెంబర్ 12న సియాటెల్‌లో మేజర్ లీగ్ ఆరంగేట్రం. నాలుగు ఇన్నింగ్స్, ఒక్క పరుగు, ఏడు స్ట్రైకౌట్లు. ఆపరేషన్ బల్ల మీది నుంచి మేజర్ లీగ్ మైదానానికి 16 నెలలు.

ముగింపు రాయని కథ

సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడేది. 2025 సీజన్ అంత సులువుగా సాగలేదు. ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్ మీద ఏడు ఇన్నింగ్స్ వేసి మేజర్ లీగ్‌లో తొలి విజయం అందుకున్నాడు. ఆ వెంటనే భుజం నొప్పి వేధించింది. మొత్తం 14 మ్యాచ్‌లు ప్రారంభించి నాలుగు గెలిచాడు, ఐదు ఓడాడు. పరుగుల సగటు 5.74. అగ్రశ్రేణి జట్టు ఓర్చుకునే అంకె కాదది. వేసవి ముగిసేలోపే మళ్లీ మైనర్ లీగ్‌కు పంపించారు. స్లైడర్‌ను చూసి భయపడ్డ బ్యాటర్లు ఫాస్ట్‌బాల్ కోసం కాచుకుని కొట్టడం నేర్చారు.

మరి అతని భవిష్యత్తు ఏమిటి? జవాబు అతని పక్కనే ఉంది. వాండర్‌బిల్ట్‌లో కుమార్‌తో పాటు ఆడిన జాక్ లైటర్‌ను రేంజర్స్ 2021లో రెండో ఎంపికగా తీసుకుంది. బోనస్ 79 లక్షల డాలర్లకు పైమాటే. చేతికి ఏ అనుమానమూ లేదు. అయినా 2022లో ఫ్రిస్కోలో మూడు గెలిచి పది ఓడాడు, పరుగుల సగటు 5.54. 2024లో మేజర్ లీగ్‌కు పిలిస్తే ఆ సగటు 8.83కు చేరింది. డబ్బు దండగైందన్నవాళ్లున్నారు. 2025లో అదే లైటర్ 29 మ్యాచ్‌లు ప్రారంభించి పది గెలిచాడు, సగటు 3.86కు దిగింది. కుదురుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో లైటర్ ఎడతెరిపి లేకుండా బంతులు వేశాడు. కుమార్ అదే కాలంలో రెండు శస్త్రచికిత్సల మధ్య వేచి ఉన్నాడు. అతనికి కొరవడింది ప్రతిభ కన్నా మైదానంలో గడిపిన కాలమే. 2025 చివర్లో 26 ఏళ్లు నిండాయి. సమయం ఉంది, కానీ ధారాళంగా లేదు.

భారత్‌కూ ఈ ఆటకూ ఉన్న బంధం పలచనిదే. 2008లో ఓ టీవీ పోటీలో బంతి విసిరే వేగంతో నెగ్గిన ఉత్తరప్రదేశ్ యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లను పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది. ఇద్దరూ జావెలిన్ త్రో నుంచి వచ్చినవారు. 2014లో డిస్నీ వారి కథతో సినిమా కూడా తీసింది. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ దాకా చేరలేదు. ఆట తెలియని దేశం నుంచి వచ్చిన వారికి దారి మూసుకుపోతే, ఆట పుట్టిన దేశంలో పెరిగిన కుమార్‌కూ అది నల్లేరు మీద బండి నడక కాలేదు.

డల్లాస్ ప్రాంతంలోని తెలుగు పిల్లలు ఎటు మొగ్గుతారన్నది ఆసక్తికరం. ఫ్రిస్కోకు నైరుతిగా ఉన్న గ్రాండ్ ప్రెయిరీలో ఓ స్వతంత్ర లీగ్ బేస్‌బాల్ జట్టు కోసం 2008లో కట్టిన మైదానాన్ని క్రికెట్ స్టేడియంగా మార్చేశారు. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది అక్కడే. 2024 టి20 ప్రపంచకప్‌లో పాకిస్థాన్‌ను అమెరికా సూపర్ ఓవర్‌లో ఓడించిందీ అక్కడే. తండ్రులు ఆ మైదానానికి వెళుతున్నారు. పిల్లలేమో బడిలో స్నేహితులతో కలిసి చేతికి గ్లవ్ తొడుక్కుంటున్నారు. రెండు ఆటలకూ చోటున్న ప్రాంతమిది.

ఫ్రిస్కోలో ఏటా ఏప్రిల్‌లో కొత్త జాబితా వస్తుంది. 28 పేర్లలో మేజర్ లీగ్‌లో నిలదొక్కుకునేది కొద్దిమందే. మిగిలినవాళ్ల పేర్లు మైదానం ఉద్యోగులకు తప్ప ఎవరికీ గుర్తుండవు. ఒకప్పుడు ఇంజన్లు నీళ్లు పట్టుకుని సాగిపోయిన ఊరు ఇప్పుడు ఆటగాళ్లను సాగనంపుతోంది. కుమార్ రాకర్‌ను కొన్ని వారాల్లోనే ముందుకు పంపింది. అతను మళ్లీ ఇటు రావాల్సిన అవసరం రాకూడదన్నదే ఇక్కడి అభిమానుల కోరిక.